పోటు వేళకి బడి

నాకు ఉద్యోగం వచ్చిందని తెలిసిన రోజు ఇంట్లో అందరం సంతోషించాం. అది ఎక్కడ వచ్చిందో తెలిసిన రోజు, ఆ ఊరెక్కడుందని అందరూ నన్నే అడిగారు.

తొంభైల చివరి మాట. డీఎస్సీలో నా ర్యాంకు బాగా కింద ఉంది. పోస్టింగు ఆర్డర్లిచ్చే రోజున మచిలీపట్నంలో ఆ ఆఫీసు మెట్ల మీద పొద్దుటినుంచీ కూర్చున్నా. నా పేరు పిలిచేటప్పటికి సాయంత్రమైంది. జగ్గయ్యపేట, నందిగామ, చందర్లపాడు, జి.కొండూరు, మా వైపు ఖాళీలన్నీ అప్పటికే ముందున్నవాళ్ళు కోరుకుని వెళ్ళిపోయారు. మిగిలినవి నాలుగైదు. అన్నీ సముద్రపు ఒడ్డు లంకలే.

"ఇది తీసుకోండమ్మా, పక్కా బిల్డింగుంది," అన్నాడు గుమాస్తా, తలెత్తకుండానే.

బిల్డింగు ఉన్నమాట నిజమే. దాని చుట్టూ నీళ్ళున్నాయని ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

మాది జగ్గయ్యపేట. నల్లరేగడి, సున్నపురాయి, మిరపకల్లాలు, సిమెంటు లారీలు. చిన్నప్పుడు మునేరులో మోకాళ్ళ దాకా దిగడం తప్ప నీళ్ళతో నాకు పరిచయం లేదు. మావారికి ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. పాపకి మూడేళ్ళు. పాపని అత్తయ్య దగ్గర వదిలి, ఒక బక్కెట్టు, ఒక కిరసనాయిలు స్టౌ, రెండు జతల దుప్పట్లు పట్టుకుని అవనిగడ్డ బస్సెక్కా. అవనిగడ్డ నుంచి ఇంకో బస్సు. అది ఆగిపోయిన ఊళ్ళో ఒక గది అద్దెకి తీసుకున్నా. బడి ఆ ఊళ్ళో కాదు. అక్కణ్ణుంచి రేవుకి పావుగంట నడవాలి, రేవు నుంచి పడవలో ముప్పావుగంట పోవాలి.

ఆ నీళ్ళని అక్కడివాళ్ళు మడుగు అనేవాళ్ళు. సముద్రం నుంచి ఒక పాయ లోపలికొచ్చి, వెడల్పుగా పరుచుకుని, చెరువులా నిలిచిపోయిన చోటు. చుట్టూ మడ అడవి. అడవి అంటే నేను నల్లమల లాంటిది ఊహించుకున్నా. అది కాదు. మనిషికి రెండింతలెత్తు చెట్లు, నీళ్ళలోనే నిలబడి ఉంటాయి. వాటి వేళ్ళు బురదలోంచి పైకి, ఎవరో మేకులు తలకిందులుగా గుచ్చినట్టు వేలకి వేలు లేచి ఉంటాయి. ఆ అడవిలోకి చిన్న చిన్న కాలవలు పోతాయి. ఏది ఎక్కడికి పోతుందో పుట్టి పెరిగినవాళ్ళకే తెలుసు. గాలి లేనప్పుడు ఒక్క చప్పుడుండదు. చేప ఎగిరితే ఆ చివర్నుంచి ఈ చివరికి వినపడుతుంది.

చూడ్డానికి బాగుంటుంది, నిజమే. తర్వాత్తర్వాత మా బంధువులు ఫొటోల్లో చూసి "ఎంత బాగుందే" అన్నారు. రోజూ దాటాల్సినవాళ్ళకి అదొక రోడ్డు. అంతే.

నన్ను దాటించే ఆవిడకి యాభై ఏళ్ళుంటాయి. లంకలోనే ఇల్లు. తెల్లవారుజామున అడవి కాలవల్లో పీతలు పట్టి, పడవలో రేవుకి తెచ్చి, షావుకారికి వేసి, ఎనిమిది ప్రాంతాల నన్నెక్కించుకుని వెనక్కి పోయేది. నలుపు, పొట్టి మనిషి, తెడ్డు పట్టే చేతులు మాత్రం మగవాడివంత లావు. నేను అక్కా అని పిలిచేదాన్ని. ఆవిడ నన్ను టీచరమ్మా అనేది.

మొదటి రోజే చెప్పింది. "టీచరమ్మా, మీ బడి గంట తొమ్మిదికైనా, పోటు తొమ్మిదికి రాదు. ఇయ్యాల ఎనిమిదికి నీళ్ళెక్కితే, రేపు ముప్పావుగంట ఆలస్యంగా ఎక్కుద్ది, ఎల్లుండి ఇంకా ఆలస్యం. పాటులో ఎల్తే మధ్యలో బురదలో దిగడిపోతాం. సూస్కోండి మరి."

సముద్రం పొంగితే పోటు, తగ్గితే పాటు. ఈ రెండు మాటలు నేర్చుకోడానికి నాకు నెల పట్టింది. వాటికి అలవాటు పడ్డానికి ఏడాదైనా సరిపోలేదు. కొన్ని రోజులు ఏడింటికే రేవులో ఉండాలి. కొన్ని రోజులు పదయినా నీళ్ళు రావు. సాయంత్రం బడి వదిలాక, నీళ్ళ కోసం లంక రేవులో అరుగు మీద ఆరున్నర దాకా కూర్చున్న రోజులున్నాయి. గదికొచ్చి స్టౌ వెలిగించే ఓపిక లేక మరమరాలు తిని పడుకునేదాన్ని.

శనివారం మధ్యాహ్నం బడి వదలగానే పడవ, బస్సు, బస్సు, విజయవాడలో ఇంకో బస్సు. జగ్గయ్యపేట చేరేటప్పటికి పాప నిద్రపోయేది. ఆదివారం పొద్దున వారం రోజుల బట్టలు, పాప తలంటు, అత్తయ్యకి నడుంనొప్పి కబుర్లు. మధ్యాహ్నం అన్నం తిన్న చేయి కడుక్కుని మళ్ళీ బస్సు. నందిగామ దాటేసరికి కళ్ళు మూతలు పడేవి. బస్సు కిటికీ ఊచకి తల కొట్టుకుని నుదుటి మీద ఒక చోట చర్మం గట్టిపడిపోయింది.

ఆరేడు నెలలయ్యాక ఒక సోమవారం నేను వెళ్ళలేదు. కారణమేం లేదు. ఆదివారం మధ్యాహ్నం బయల్దేరాలి, సంచి సర్దుకుని మంచం మీద కూర్చున్నా, లేవలేకపోయా. సోమవారం బయల్దేరి మంగళవారం బడికి వెళ్ళా. ఎవరూ ఏమీ అనలేదు. బడిలో నేనొక్కదాన్నే టీచర్ని. హాజరు పట్టీ నా బీరువాలోనే ఉంటుంది. సోమవారం గడిలో సంతకం పెట్టా. మిగతా రోజుల సంతకాల్లాగే కుదురుగా వచ్చింది. అదే ఇప్పుడు తల్చుకుంటే ఆశ్చర్యంగా ఉంటుంది.

తర్వాత మంగళవారం కూడా పోయింది. శనివారం సగం పూట కోసం ఎందుకని శుక్రవారమే బయల్దేరేదాన్ని. అలా అలా వారానికి మూడు రోజుల బడి అయింది. ఊరి పెద్దలు కూడా "పసిపిల్ల తల్లి, పోన్లెండి" అన్నారు. వాళ్ళ మంచితనాన్ని నేను పూర్తిగా వాడుకున్నా. పుస్తకంలో మాత్రం ఆరు రోజులూ సంతకాలు ఉండేవి. మూడు రోజులు పనిచేసినా అలసట తగ్గలేదు. అది కూడా చెప్పాలి.

అలాంటి ఒక మంగళవారం ఎం.ఈ.ఓ. గారు బడి చూడ్డానికి వచ్చారు.

పాపకి జ్వరమని రాస్తే ఇక్కడ బాగుంటుంది. జ్వరం లేదు. ఆ మంగళవారం పది గంటలకి నేను జగ్గయ్యపేటలో మా మంచం మీద నిద్రపోతున్నా.

బుధవారం ఉదయం రేవుకి వెళ్ళేసరికి పడవ సిద్ధంగా ఉంది. ఆవిడ పలకరించలేదు. ఎక్కి కూర్చున్నా. మడుగు సగం దాటాక తెడ్డు పైకి తీసి ఒళ్ళో అడ్డంగా పెట్టుకుంది. పడవ దానంతటదే కొంత దూరం పోయి ఆగింది.

"నిన్న మీ ఆఫీసరొచ్చాడు," అంది.

"బడికా?"

"బడికే. రేవులో నన్నే అడిగాడు, లంక బడికి తీసుకుపొమ్మని. ఎక్కించుకున్నా."

"ఎక్కించుకుని?"

"ఎక్కించుకుని అడవిలోకి తోలా."

నాకు అర్థం కాలేదు. ఆవిడ నెమ్మదిగా చెప్పింది. నీళ్ళు అప్పటికే తగ్గుతున్నాయట. మడుగు మధ్యలో లోతు లేదు సార్, చుట్టూ తిరిగి పోవాలని చెప్పి కాలవలోకి తిప్పింది. ఆ కాలవలోంచి ఇంకో కాలవ, అందులోంచి ఇంకోటి. ఆయన గొడుగేసుకుని పక్షుల్ని చూస్తూ కూర్చున్నాడు. పదకొండున్నరకి పడవ అడుగు బురదకి తగిలింది. అప్పుడు దిగులు మొహం పెట్టి, "అయ్యో సార్, పాటు ముందే వచ్చేసింది" అంది. ఆయన ప్యాంటు మడిచి, తోద్దామని దిగాడు. తొడ దాకా పోయాడు. ఒక చెప్పు బురదలోనే ఉండిపోయింది. ఆవిడే చంకల కింద పట్టుకుని పైకి లాగింది.

"సాయంత్రం పోటు దాకా అక్కడే కూకున్నాం. అన్నంలోకి నా దగ్గర ఎండు రొయ్యల కూరుంది. ఆయన తినడంట. ఉత్తన్నంలో ఉప్పేసుకుని తిన్నాడు, పాపం. దోమలు పీకి పెట్టినయ్. నాలుగున్నరకి నీళ్ళొస్తే రేవులో దింపా. బడైపోయిందిగా, మళ్ళీ వస్తానని ఎల్లిపోయాడు."

ఆవిడ చెయ్యి పట్టుకోబోయా.

"అక్కా, నీ రుణం..."

"ఆగు," అంది. 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. ఆ మాట నాకు వెంటనే తగిలింది. "మా ఇంటోళ్ళ కోసం కూడా అంతసేపు అబద్ధమాడలేదు నేను. ఎండలో ఒక పెద్దమనిషిని కూకోబెట్టి, కళ్ళల్లోకి చూసి ఆడా. ఇంకోసారి ఆడను."

"ఇంకెప్పుడూ అలా జరగదక్కా."

"జరిగినా నాకేం పన్లేదు. సోమారం నించి నిన్ను దాటించను."

"మరి నేనెలా రావాలి?"

"నువ్వొస్తావో రావోనని రోజూ రేవులో పొద్దెక్కేదాకా కూకుంటన్నా. నాకు మళ్ళీ పీతలకెల్లే వేళ పోతంది. అవతల పిల్లలు పలకలు పట్టుకుని లంక రేవులో నిలబడి ఉంటారు. టీచరొచ్చిద్దా అని నన్నడుగుతారు. నేనేం చెప్పాల? నన్నెందుకడగాల?" తెడ్డు నీళ్ళలోకి దింపింది. "మా ఇంట్లో చిన్న దోనె ఒకటుంది. ఇచ్చేత్తా. నీ దారి నువ్వు చూస్కో."

ఆ రోజంతా బడిలో పిల్లలకి ఎక్కం చెప్పమని చెప్పి, బల్ల మీద తల పెట్టుకుని కూర్చున్నా. కోపమొచ్చింది నాకు, ఆవిడ మీదే. అక్షరం ముక్క రాని మనిషి నాకు బుద్ధి చెప్పిందని. ఆ కోపం రెండు మూడు రోజులుంది. దాచడమెందుకు.

ఆ శనివారం ఎస్టీడీ బూత్ నుంచి మా వీధి చివర కొట్టుకి ఫోన్ చేసి మావారిని పిలిపించా.

"ఈ వారం రావట్లేదు," అన్నా.

"ఏం, ఒంట్లో బాలేదా?"

"దోనె నేర్చుకుంటున్నా."

అవతల ఫోన్ చెవి మార్చుకున్న చప్పుడైంది. తర్వాత, "ఏం నేర్చుకుంటున్నావ్?" అన్నారు.

తాటిచెట్టు మొదలుని నిలువుగా చీల్చి, లోపల తొలిచేస్తే అదే దోనె. ఒక్క మనిషి పడుతుంది. అందులో పీట ఉండదు, అంచు ఉండదు. అడుగున కాళ్ళు చాపుకుని కూర్చోవాలి. నడుము కింద నుంచి తడిసిపోతుంది. నీళ్ళు మన మోచేతి ఎత్తులో ఉంటాయి. గట్టిగా తుమ్మితే పక్కకి ఒరుగుతుంది. చీరతో కుదరదు. చుడీదారు వేసుకుని, చీర పాలిథిన్ సంచిలో పెట్టుకుని, బడికెళ్ళాక తలుపేసుకుని కట్టుకునేదాన్ని.

మొదటి రోజు మూడుసార్లు తిరగబడింది. నీళ్ళు ఛాతీ దాకానే ఉన్నాయి, అయినా చచ్చిపోతున్నాననుకుని అరిచా. ఆవిడ తన పడవలోంచి కదల్లేదు.

"నీళ్ళని చూసి అరుత్తావేంటి? నీళ్ళు నిన్నేం చెయ్యవు. కాలు బురదలో దించకు, అదీ చెప్తన్నా. పడుకో. దోనె మీద పడుకుని లోపలికి దొర్లు."

దొర్లా. లోపల సగం నీళ్ళు. కొబ్బరిచిప్పతో తోడమంది. తోడా. తెడ్డు కుడివైపు రెండేస్తే ఎడమవైపు ఒకటి వెయ్యమంది. నేను వేస్తే దోనె గుండ్రంగా తిరిగింది. ఆవిడ మొదటిసారి నవ్వింది. ఆదివారం సాయంత్రానికి రేవు నుంచి మొదటి మడ గుంపు దాకా వెళ్ళి, తిరిగి రాగలిగా. అరచేతులు బొబ్బలెక్కి చిట్లిపోయాయి. అన్నం కలుపుకుంటే మంట. చెంచాతో తిన్నా.

సోమవారం నేనొక్కదాన్నే బయల్దేరా. ఆవిడ ముప్పావుగంటలో దాటించే మడుగుని నేను గంటన్నరలో దాటా. లంక రేవులో పిల్లలు పలకలు పట్టుకుని నిలబడి ఉన్నారు. నేను తెడ్డేస్తూ రావడం చూసి ఒక్కరూ అరవలేదు. నోళ్ళు తెరుచుకుని చూశారు. బురదలోకి దిగి దోనె లాగారు. ఆ రోజు నాకు పాఠం చెప్పే శక్తి లేదు. వాళ్ళనే చదవమని, గోడకి ఆనుకుని కూర్చున్నా. అయినా బడి నడిచింది.

ఆ నెలాఖరున మండల ఆఫీసులో టీచర్ల మీటింగు. యాభై మందిమి ఉంటాం. ఎం.ఈ.ఓ. గారు వచ్చి, అదీ ఇదీ మాట్లాడి, హఠాత్తుగా నా వైపు తిరిగారు. పెద్దాయన, రిటైర్మెంటుకి దగ్గర్లో ఉన్న మనిషి.

"ఆ లంక బడి టీచరు గారు ఎవరు? మీరేనా అమ్మా? ఒకసారి నిలబడండి."

నిలబడ్డా.

"మొన్న ఈవిడ బడి చూద్దామని బయల్దేరా. బడి దాకా పోలేకపోయా. ఆ అడవిలో, ఆ బురదలో సాయంత్రం దాకా ఇరుక్కుపోయా. ఒక్క రోజుకే నాకు నడుం పట్టేసి నాలుగు రోజులు లేవలేదు. ఒక ఆడకూతురు రోజూ అంత దూరం ఎలా పోతోందో నాకు అర్థం కాలేదు. మనందరం సిగ్గుపడాలి," అన్నారు.

చప్పట్లు కొట్టారు. మా పక్కనున్న సీనియర్ మేడమ్ నా భుజం తట్టింది. అప్పుడే చెప్పాల్సింది. సార్, ఆ రోజు నేను బడిలో లేనని. నోట్లోకి వచ్చింది కూడా. నమస్కారం పెట్టి కూర్చున్నా. ఆయన అంతటితో ఆగలేదు, మీటింగు అయ్యాక పిలిచి, "ట్రాన్స్‌ఫర్లు పెట్టినప్పుడు నేను రాస్తా అమ్మా, మీ వైపు పంపమని" అన్నారు. నేను తల ఊపా.

మర్నాడు ఇదంతా అక్కకి చెప్పా. కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి పడవ అంచు మీద కూర్చుండిపోయింది. "చప్పట్లు కొట్టారా? నీకా?" అంటూ మళ్ళీ నవ్వింది. నేనూ నవ్వబోయా, ఏడుపొచ్చింది. ఆవిడ నవ్వు ఆపి, పీతల బుట్టకి తాడు కట్టుకుంటూ, "సర్లే. ఇయ్యాల పోటు పెందలాడే తిరుగుద్ది. బయల్దేరు," అంది.

నేను పూర్తిగా మారిపోయానని చెప్పను. సోమవారాలు ఇంకా తప్పేవి. కానీ దోనె చేతిలోకి వచ్చాక ఎవరి కోసమూ ఆగక్కర్లేదు, ఎవరికీ సంజాయిషీ అక్కర్లేదు. చిత్రంగా, ఎగ్గొట్టడానికి మనసొప్పేది కాదు. వారానికి నాలుగు రోజులైంది. తర్వాత ఐదు. అలసట మాత్రం రకం మారింది. ఇదివరకు మనసు అలిసిపోయి ఒళ్ళు నిద్రపోయేది కాదు. ఇప్పుడు భుజాలు, నడుం నొప్పులు పుట్టి, గదికొచ్చి చాప మీద ఒరిగితే తెల్లారేదాకా మెలకువ వచ్చేది కాదు.

ఒక చలికాలం పొద్దున నిద్ర దోనెలోనే వచ్చింది. మంచు పట్టి మడుగు తెల్లగా ఉంది, అవతలి అడవి కనపడ్డం లేదు. ముందురోజు రాత్రి ఏడున్నరకి గదికి చేరి, పరీక్ష పేపర్లు దిద్దుకుని పడుకున్నా. నాలుగు తెడ్లు వేసి, ఒక్క క్షణం ఆగుదామని తెడ్డు ఒళ్ళో పెట్టుకున్నా. అంతే గుర్తు.

మెలకువ వచ్చేసరికి నెత్తి మీద ఆకులున్నాయి. దోనె ఏదో కాలవలోకి కొట్టుకొచ్చి, మడ వేళ్ళ మధ్య ఇరుక్కుని ఉంది. నీళ్ళు దిగిపోతున్నాయి. చూస్తుండగానే బురద బయటపడింది. చిన్న చిన్న పీతలు ఎర్రటి చెయ్యి ఊపుకుంటూ బొరియల్లోంచి బయటికొచ్చాయి. కాలు దించకూడదని తెలుసు. అరిస్తే వినేవాళ్ళు లేరు.

భయం వేస్తుందని ఎదురుచూశా. వెయ్యలేదు. ఎన్నో నెలల తర్వాత, నన్ను ఎవరూ ఏదీ అడగలేని చోట ఉన్నాననిపించింది. ఇంట్లో వాళ్ళు అడగలేరు, బడి అడగలేదు, బస్సు అందుకోమని ఎవరూ తొందరపెట్టలేరు. నీళ్ళు వచ్చేదాకా నేను చెయ్యగలిగింది ఏమీ లేదు. ఒక లకుముకి పిట్ట నాకు రెండు బారల దూరంలో కొమ్మ మీద కూర్చుని, నన్ను చెట్టులో భాగమనుకుందో ఏమో, చాలాసేపు అక్కడే ఉంది. కాళ్ళు చాపుకుని, డబ్బాలో తెచ్చుకున్న పులిహోర తిన్నా. మళ్ళీ కాసేపు పడుకున్నా.

మధ్యాహ్నం దాటాక నీళ్ళు ఎక్కాయి. దోనె తేలింది. ఏ కాలవలో ఉన్నానో తెలియక రెండుసార్లు దారి తప్పి, నీళ్ళ వాలు చూసుకుంటూ మడుగులోకి బయటపడ్డా. అక్క ఎదురొచ్చింది. పొద్దుటినుంచి వెతుకుతోందట. నన్ను చూసి తిట్టడానికి నోరు తెరిచి, మూసుకుంది.

"తిన్నావా?" అంది.

"తిన్నా. నిద్రపోయానక్కా."

"మొహం చూత్తే తెలుత్తంది," అని పడవ తిప్పుకుంది.

బడికెళ్ళేసరికి రెండు దాటింది. పిల్లలు ఇళ్ళకి వెళ్ళిపోయారు. తాళం తీసి, బీరువాలోంచి హాజరు పట్టీ తీశా. ఆ రోజు గడిలో పొద్దుటి పూట సెలవని రాశా. ఆ పుస్తకంలో నేను రాసిన మొదటి సెలవు అదే. వెనక పేజీలు తిప్పి చూశా. వరసగా నా సంతకాలు, ఒక్కటీ తప్పకుండా, అందంగా ఉన్నాయి. పుస్తకం మూసి, ఇళ్ళ వైపు వెళ్ళి పిల్లల్ని పిలుచుకొచ్చా. నాలుగున్నర దాకా చదివించా.

ఆ ఎండాకాలం ముందు మావారు ఒక్కసారి వచ్చారు. రెండు రోజులు సెలవు పెట్టుకున్నారు. దోనె చూసి ఎక్కనన్నారు. అక్క తన పడవలో ఎక్కించుకుంది, నేను పక్కనే దోనెలో. మొదట రెండు చేతులతో అంచులు పట్టుకుని బిగుసుకుపోయి కూర్చున్నారు. "నువ్వు రోజూ ఇలా వస్తున్నావా?" అని రెండుసార్లు అడిగారు. తర్వాత చప్పుడు లేదు. చూస్తే, పడవ ముందు భాగంలో వలల మీద తల పెట్టుకుని నిద్రపోయారు. వరసగా రాత్రి షిఫ్టులు చేసి వచ్చిన మనిషి. కనుబొమల వెంట్రుకల్లో ఇంకా సిమెంటు పొడి ఉంది. అక్క తెడ్డు చప్పుడు కాకుండా వెయ్యడం మొదలుపెట్టింది. లంక రేవు వచ్చినా లేపలేదు. నేను బడికి వెళ్ళిపోయా. మధ్యాహ్నం ఇంటర్వెల్లులో వచ్చి చూస్తే, అక్క పడవని చెట్టు నీడకి లాగి, ఆయన మొహం మీద తడి గుడ్డ కప్పింది. ఇంకా నిద్రపోతూనే ఉన్నారు.

ఆ సాయంత్రం గదిలో ఆయన, "మనిద్దరం ఇంత అలిసిపోయి దేనికి పనికొస్తాం?" అన్నారు. స్టౌ మీద టీ పెట్టి ఇచ్చా.

మూడేళ్ళయ్యాక ట్రాన్స్‌ఫర్ వచ్చింది. ఎం.ఈ.ఓ. గారు అప్పటికి రిటైరైపోయారు. ఆయన నా గురించి రాశారో లేదో తెలీదు. చందర్లపాడు దగ్గర ఒక ఊరు. నందిగామ దాకా బస్సు, అక్కణ్ణుంచి ఆటో. రోజూ ఇంటి నుంచే వెళ్ళి రావచ్చు. చివరి రోజు దోనె కడిగి, బోర్లించి, అక్క వాళ్ళ ఇంటి వెనక పెట్టా. ఆవిడ అడవిలో ఉంది. సాయంత్రం నీళ్ళ కోసం ఆగితే బస్సు తప్పుతుందని, వేరేవాళ్ళ పడవలో వచ్చేశా. చెప్పకుండానే వచ్చేశా.

ఇంటికొచ్చాక సుఖపడ్డానని చెప్పలేను. ఐదింటికి లేవడం, క్యారేజీలు, బస్సులో నిలబడ్డం, సాయంత్రం పాప హోమ్‌వర్కు, అత్తయ్య కాళ్ళకి నూనె. పాప నాకు అలవాటు పడ్డానికి చాలా కాలం పట్టింది. ఏం కావాలన్నా నా ముందునుంచే వాళ్ళ నాన్నమ్మ దగ్గరికి వెళ్ళేది. పిలవకుండా ఉండడం నేర్చుకున్నా. పిలవడం మానేశాక, ఒకరోజు చెప్పుల బకిల్ పెట్టమని నా దగ్గరికే వచ్చింది.

ఆరేడేళ్ళ తర్వాత, ఒక కార్తీకమాసం ఆదివారం, వీధి చివర కొట్టుకి, ఎప్పుడో నేను అక్కకి రాసిచ్చిన నంబరుకి, నాకోసం ఫోనొచ్చింది. లంక వాళ్ళు బస్సు మాట్లాడుకుని మా ఊరి దగ్గరి వేదాద్రి గుడికి వచ్చారట, అక్క నన్ను చూడాలంటోందట. ఉన్నపళంగా ఆటో ఎక్కి వెళ్ళా. కృష్ణ ఒడ్డున మెట్ల మీద కూర్చుని ఉంది. జుట్టు పూర్తిగా తెల్లబడింది. చేతులు సన్నబడ్డాయి. నన్ను చూసి లేవబోయి, మళ్ళీ కూర్చుంది.

"లావయ్యావు టీచరమ్మా," అంది.

"చెప్పకుండా వచ్చేశానక్కా. కోపమొచ్చిందా?"

"వచ్చింది. రెండ్రోజులు." తడి జుట్టు విదిలించుకుంది. "మీ నీళ్ళేంటి, ఇంత సప్పగా ఉన్నాయి? నోట్లో పోసుకుంటే ఏమీ లేదు."

నవ్వా. లంక బడికి ఇప్పుడు కుర్ర సారొచ్చాడని, ఇంజను పడవ పెట్టారని, సగం మంది పిల్లలు హాస్టళ్ళకి పోయారని చెప్పింది. తను పీతలకి వెళ్ళడం మానేసి ఏడాదైందట. భుజం లేవట్లేదని కుడిచెయ్యి కొంచెం ఎత్తి చూపించి దించేసింది. నందిగామలో ఎముకల డాక్టరున్నాడు, రెండ్రోజులు మా ఇంట్లో ఉండు, చూపిస్తానన్నా. బస్సు సాయంత్రానికి మంగళగిరి పోవాలంది. "ఇంకోసారి," అంది.

బ్యాగులో ఇంటి నుంచి తెచ్చిన సున్నుండల డబ్బా ఇచ్చా. మూత తీసి, ఒకటి తిని, ఇంకోటి పమిట కొంగులో కట్టుకుంది. డ్రైవరు హారను కొడుతున్నాడు. మెట్లెక్కడానికి చెయ్యి అందించా. నా భుజం పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగుతూ ఎక్కింది. మధ్యలో ఒకచోట ఇద్దరం కూర్చున్నాం. నాకు కూడా ఆయాసంగానే ఉంది.

బస్సు వెళ్ళాక జగ్గయ్యపేట ఆటో కోసం రోడ్డు మీద చాలాసేపు నిలబడ్డా. ముక్త్యాల వైపు నుంచి లారీలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. పొడికి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకున్నా. మర్నాటి నుంచి యూనిట్ టెస్టులు. ప్రశ్నలు ఇంకా రాసుకోలేదు.